వ్యవసాయం పద్దు

నేను రాసేది గంట గంటకీ ఆంపియర్లు, అంతే.
తవణంపల్లె రోడ్డు పక్కన సబ్‌స్టేషన్‌లో
రాత్రి షిఫ్టు. ఒక కుర్చీ, ఒక లాగ్‌బుక్కు,
మూలన ఎర్ర బకెట్లలో గడ్డకట్టిన ఇసుక.
ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు నా చెవిలో కాపురం పెట్టి
పదకొండేళ్ళు.

రాత్రి రెండింటికి, పల్లెలన్నీ పడుకున్నాక,
మూడో ఫీడరు ముల్లు లేచి నిలబడుతుంది.
గ్రానైటు ఫ్యాక్టరీలో రంపం తిరుగుతోందని అర్థం.
కొండ కోతపడే చప్పుడు ఇక్కడిదాకా రాదు,
ముల్లు వొణుకుతుంది, అంతే.
వాళ్ళ మీటరు మాత్రం ఆ వేళకి హాయిగా నిద్రపోతుంది.
దాని సీలు ఎవరు విప్పారో, తెల్లారేలోగా ఎవరు బిగించారో
ఆఫీసులో అందరికీ తెలుసు.
తెలీనట్టు ఉండడానికి ఒకటో తేదీన కవరొస్తుంది.
కవరు మీద పేరుండదు.
నా వాటా చిన్నది.
పాప స్కూలు ఫీజుకి కూడా చాలదు అనుకుంటే
ఇంకొంచెం తక్కువ తీసుకున్నట్టుంటుంది.

దొంగిలించిన బియ్యాన్ని వండుకు తింటే అయిపోతుంది.
కరెంటుకి ఆ సుఖం లేదు, లెక్క మిగులుతుంది.
ఇక్కణ్ణుంచి పోయింది ఇంత, బిల్లుల్లో తేలింది ఇంత.
మధ్యలో మాయమైన యూనిట్లకి
ఏదో ఒక ఊరు, ఎవరో ఒకరి పేరు కావాలి.
కొన్ని లైన్‌లాస్ కింద రాస్తాం,
తీగల వేడికి ఆవిరైపోయాయని.
అది మరీ ఎక్కువైతే తిరుపతి నుంచి ఫోనొస్తుంది.
అందుకని మిగతావి వ్యవసాయం పద్దులోకి తోస్తాం.
రైతుల మోటార్లకి మీటర్లు లేవు గదా,
ఎంత తోసినా కాదని చెప్పే ముల్లు లేదు.
తర్వాత టీ అంగడి దగ్గర మేమే అంటాం,
ఉచిత కరెంటుతో ఈ రైతులు కంపెనీని ముంచేస్తున్నారని.

మొన్న దొరసానమ్మ వచ్చింది.
కొంగు ముడిలోంచి నోటీసు తీసింది.
లైన్‌మన్ గజేంద్ర చదివి చెప్పాడంట:
ఐదు హెచ్‌పీ మోటారు ఏడున్నర లాగుతోంది,
అదనపు లోడుకి డబ్బు కట్టాలని.

"నాలుగేండ్ల కింద పాతినుముకు అమ్మేసినా గదా నాయనా దాన్ని.
తొమ్మిదొందల అడుగులకీ దుమ్మే వచ్చె.
అమ్మిన దుడ్లు చెనిక్కాయ విత్తనాలకే చాల్లేదు.
స్టార్టరు పెట్టెలో ఇప్పుడు కందిరీగలుండాయి.
అవేమన్నా తోడతా ఉండాయా?"

ఎవరం నవ్వలేదు.
ఏఈ సారు ఫోను తిరగేసి చూసుకున్నారు.
కాగితాలు ఎగిరిపోకుండా నేను చెయ్యి పెట్టాను,
ఫ్యాను ఆగి ఉందని తర్వాత చూశాను.

"మీ పుస్తకంలో నా బోరు పారతా ఉంది గదా సామీ,
ఆ నీళ్ళు ఎవురి కయ్యలోకి పోయినాయో చెప్పండి.
లేదంటే ఈసారి తోడేటప్పుడు
ముందే ఒక మాటనండి.
నేనూ ఒక బిందె పెట్టుకుంటా."

పెట్టె తాళంచెవి నా బల్ల మీద పెట్టి
చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి రెండింటికి ముల్లు లేచింది.
ఆంపియర్లు రాశాను. రోజూ రాసేవే.
ఆ పక్కనే 'రిమార్కులు' అని ఒక గడి ఉంటుంది.
పదకొండేళ్ళలో అందులో నేను రాసింది
రెండుసార్లు పిడుగు, ఒకసారి తీగ మీద నెమలి.
పెన్ను చాలాసేపు గాల్లో ఉంది.
కుక్క ఒకటి గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది.
రాశాను:
గ్రానైటు ఫ్యాక్టరీ. మీటరు నిద్ర.
కింద, ఎందుకో తెలీదు,
దొరసానమ్మ బోరు, సున్నా.

ఆరింటికి షిఫ్టు దిగాను.
పుస్తకం బల్ల మీదే ఉంది, ఇంకా ఎవరూ తెరవలేదు.
అసలు ఎవరైనా తెరుస్తారో లేదో,
ఏది నాకు ఎక్కువ భయమో తేల్చుకోలేకపోతున్నాను.
జేబులో తాళంచెవి తొడకి గుచ్చుకుంటోంది.

ఈరోజు ఇరవై ఎనిమిది.
ఒకటో తేదీకి ఇంకా మూడు రాత్రులున్నాయి.